వడ్లు చూసే సైదులుతో నాలుగు రోజులు

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బస్సులో కూర్చున్నవాళ్ళకి సూర్యాపేట అంటే టీ కోసం ఆగే చోటు. కోదాడ అంటే కిటికీలోంచి కనబడే బోర్డు. మిర్యాలగూడ అయితే ఆ దారిలో తగలనే తగలదు. మొన్న ఏప్రిల్ దాకా నాకూ అంతే. పని పడి వెళ్ళాను, నాలుగు రోజులు తిరిగాను, చూసిందల్లా మిల్లులూ వడ్ల రాశులూ. గుడులూ కోటలూ చూసొచ్చినప్పుడు కూడా కాగితం ముట్టుకోని నేను ఈసారి రాయడానికి కూర్చున్నానంటే దానికి కారణం ఒక పెద్దమనిషి.

ముందు నా సంగతి చెప్పాలి. మాది అనకాపల్లి. చైనాలో ఆరేళ్ళు వైద్యం చదివాను. తిరిగొచ్చాక ఇక్కడ వైద్యం చెయ్యాలంటే రాయాల్సిన పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారికి ధైర్యం చాల్లేదు. చదువు అక్కరకు రాకపోయినా భాష వచ్చింది కదా అని హైదరాబాదులో దుబాసీ పని చేసుకుంటున్నాను.

బియ్యంలోంచి నల్లగింజా పసుపుగింజా ఏరి పారేసే యంత్రాలు ఇక్కడి మిల్లులకు చైనా నుంచి వస్తాయి. అవి బిగించి సరిచూడ్డానికి వచ్చిన మెకానిక్కు చెన్ గారు. యాభై రెండేళ్ళవాడు, మితభాషి. ఆయన మాట మిల్లువాళ్ళకీ మిల్లువాళ్ళ మాట ఆయనకీ చేరవెయ్యడం నా పని.

సూర్యాపేట: సారుకు జ్వరమొచ్చిందా?

ఎండ అప్పటికే నలభై దాటింది. హైవే పక్క హోటల్లో ఇడ్లీ చెప్పి, చెన్ గారు వేడినీళ్ళు కావాలన్నారు. చైనావాళ్ళు వేసవిలో కూడా చన్నీళ్ళు తాగరు. నేను ఆ మాట చెప్పగానే వడ్డించే అతను ఆయన్ని ఎగాదిగా చూసి, "సారుకు జ్వరమొచ్చిందా మేడం?" అన్నాడు. కాదన్నా నమ్మలేదు. వేడినీళ్ళతో పాటు, అడక్కుండానే, ఉప్పేసిన గంజి ఒక గిన్నెలో తెచ్చి పెట్టాడు. దానికి డబ్బులు తీసుకోలేదు. ఇడ్లీ నలభై రూపాయలు, దయ ఉచితం. చెన్ గారు గంజి చివరి చుక్కదాకా తాగి, "మా ఊళ్ళో పొద్దున్నే ఇదే తాగుతాం" అని సంతోషపడ్డారు.

యంత్రాల ఏజెంటు మాకు తోడుగా ఒక మనిషిని ఇచ్చాడు. "సైదులును తీస్కపోండ్రి. గీ జిల్లాల సైదులుకు తెల్వని మిల్లు లేదు" అన్నాడు. సైదులుకు అరవై ఆరేళ్ళుంటాయి. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, పొడుగాటి మనిషి. పేరు విని ముస్లిం అనుకున్నాను. అక్కడికి దగ్గర్లో ఉన్న దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు మతంతో నిమిత్తం లేకుండా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సైదులు అనీ సైదమ్మ అనీ పెడతారట. ఇంటికి ఒకరైనా ఉంటారు.

"సైదులు గారూ" అంటే ఆయన ఊరుకోలేదు.

"గారెందుకు బిడ్డా? ఏదన్న వరస పెట్టి పిలువరాదు!"

"బాబాయ్ అననా?"

"గది మీ దిక్కు మాట. మా దిక్కు చిన్నాయిన అంటరు."

అలా ఆయన నాకు చిన్నాయిన అయ్యాడు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆయన పని వడ్లు చూడడం. రైతు బండి మిల్లుకొస్తే గుప్పెడు వడ్లు తీసి, నలిపి, పంటి కింద కొరికి, వాసన చూసి, తేమ ఎంత, తాలు ఎంత, నూక ఎంత పోతుందో చెప్పేవాడు. ఆయన చెప్పిన మాట మీదే బేరం నడిచేది. మా అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మను గోటితో గీరి రుచి చూసి ధర కట్టేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూశాను కాబట్టి, ఈ విద్య ఎంత గొప్పదో నాకు తెలుసు.

మధ్యాహ్నం వ్యవసాయ మార్కెట్ చూపించాడు. కొండల్లా వడ్ల రాశులు, వాటి నీడలో పడుకున్న రైతులు. ఒక రాశి దగ్గర ఆగి, పిడికెడు తీసి, "పదిహేడు తేమ" అన్నాడు. పక్కనున్న రైతు నవ్వి మీటరు పెట్టి చూపించాడు. పదిహేడే.

నన్ను ఆకట్టుకున్నది మరొకటి. వడ్లు కింద పోసేశాక కూడా ఆయన కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద ఆడుతూనే ఉంది, కనబడని గింజను నలుపుతున్నట్టు. కూర్చున్నా అంతే, కారులో ఉన్నా అంతే. 'పని ఆయన వేళ్ళలోకి ఇంకిపోయింది, గింజ లేకపోయినా వేళ్ళు వెతుకుతున్నాయి' అని ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసినందుకు మురిసిపోయాను కూడా. ఆరేళ్ళు వైద్యం చదివినదాన్ని!

కోదాడ: మల్లెపూల వాసన

కోదాడ చేరేసరికి మాట మారింది. ఆంధ్ర సరిహద్దు నాలుగడుగుల దూరం. మిల్లు గుమాస్తా నాతో "వచ్చారా అండీ, భోంచేశారా" అన్నాడు. అదే నోటితో సైదులుతో "ఎట్లున్నవే, మంచిదేనా" అన్నాడు. మెస్సులో భోజనం నూట ఇరవై. గోంగూర పచ్చడి అడిగినంత వేశారు. చెన్ గారు వేలితో కొంచెం నాకి, ఒక నిమిషం ఊపిరాడక, తర్వాత మళ్ళీ అడిగి వేయించుకున్నారు.

ఆ మిల్లులో పని మధ్యాహ్నం దాకా సాగింది. పనయ్యాక నీడపట్టున కూర్చున్నాం. చెన్ గారు సంచీలోంచి చిన్న రేకుడబ్బా తీశారు. ఎండిన మల్లెమొగ్గలు కలిపిన టీ ఆకు అది. మూత తియ్యగానే నేనూ డ్రైవరు యాకూబూ "మల్లెపూలు!" అన్నాం ఒకేసారి. చెన్ గారు డబ్బా మూసి పక్కన పెట్టి, ఫ్లాస్కులోని వేడినీళ్ళు దాని గిన్నెలాంటి మూతలో పోశారు. ముందు ఉత్త వేడినీళ్ళతో గిన్నె కడిగి, ఆ తర్వాతే టీ పోయడం ఆయన అలవాటు. అది తెలియక సైదులు చెయ్యి చాపి ఆ గిన్నె అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసి, లోపలికి పీల్చాడు.

"అబ్బ! మల్లెపూలే. మస్తుంది బిడ్డా."

గిన్నెలో ఉన్నది ఉత్త నీళ్ళు.

యాకూబు నవ్వబోయాడు. చెన్ గారు నవ్వలేదు. గిన్నె మెల్లగా వెనక్కి తీసుకుని, టీ పోసి, మళ్ళీ ఆయన చేతికిచ్చారు. అప్పటి నుంచి సాయంత్రం దాకా చెన్ గారు యంత్రాల గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. సైదులు వంకే చూస్తున్నారు.

పొద్దు వాలుతుండగా లాడ్జి డాబా మీదికి నన్ను పిలిచారు.

"నువ్వు చదివింది వైద్యమే కదా?" అన్నారు.

"అవును."

"ఆయన నడుస్తుంటే ఎడమచెయ్యి ఊగుతుంది. కుడిచెయ్యి ఊగదు. చూశావా?"

చూడలేదు.

"నిన్నటి నుంచి ముఖంలో ఒక్కసారీ నవ్వు కనబడలేదు. గొంతులో నవ్వుతున్నాడు, ముఖం నవ్వడం లేదు. ఆ వేళ్ళు గింజ నలపడం లేదమ్మాయ్. వణుకుతున్నాయి. ఇవాళ ముక్కు పనిచెయ్యడం లేదని కూడా తెలిసిపోయింది."

అప్పుడు నా తల కొట్టేసినట్టయింది. పార్కిన్సన్స్, వణుకు తెచ్చి ఒళ్ళు బిగించే మెదడు జబ్బు. బొటనవేలూ చూపుడువేలూ మాత్ర చుట్టినట్టు ఆడటం, పరీక్ష కోసం కంఠతా పట్టిన వాక్యం. పుస్తకంలో గుర్తుపట్టినదాన్ని మనిషిలో గుర్తుపట్టలేకపోయాను. పైగా దాని మీద కవిత్వం రాసుకున్నాను.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"మా నాన్న" అన్నారు చెన్ గారు.

వాళ్ళ నాన్న సోయా పులుసు తయారుచేసే చిన్న కార్ఖానాలో పనిచేసి విరమించాడు. ఒకరోజు చెన్ గారు ఇంటికొచ్చేసరికి వంటింట్లో మూకుడు మాడి, ఇల్లంతా కమురు కంపు. తండ్రి పక్క గదిలోనే కూర్చుని పత్రిక చదువుకుంటున్నాడు. "పిల్లలున్న ఇల్లు, తగలబెట్టేస్తావా" అని చెన్ గారు అరిచారు. చాలా మాటలన్నారు. తండ్రి లేచి మాడిన మూకుడు తోమాడు. నాలుగేళ్ళకు చెయ్యి వణకడం మొదలైంది. వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, 'వాసన తెలియడం ఎప్పుడు మానేసింది?' అని.

"ఆ రోజు ఆయనకు తెలియలేదంతే. నేను అరిచింది మాత్రం ఆయనకి ఇప్పటికీ గుర్తుంది. నాకూ గుర్తుంది" అన్నారు.

వాళ్ళ ఊరి పార్కులో పొద్దున్నే ఈ జబ్బువాళ్ళే ఒక గుంపుగా చేరతారట. నేల మీద గీతలు గీసుకుని వాటిని దాటుతూ నడుస్తారు. గొంతు పూడుకుపోకుండా ఒకళ్ళ మీద ఒకళ్ళు పోటీపడి గట్టిగా అరుస్తారు. కొత్తవాళ్ళు చూసి తగువనుకుంటారట.

నాకు మా ఆసుపత్రి వార్డు గుర్తొచ్చింది. అరవై అయిదు దాటినవాళ్ళలో నూటికి ఒకరిద్దరికి ఉంటుందని మా పుస్తకాల్లో ఉండేది. వినడానికి చిన్న లెక్కే. కానీ చైనాలో ముసలివాళ్ళు కోట్లలో ఉన్నారు; ప్రపంచంలో ఈ జబ్బున్నవాళ్ళు అందరికంటే ఎక్కువమంది ఉన్నది అక్కడే. వార్డుకు వచ్చేవాళ్ళు కొందరే. ఊళ్ళలో ఉన్నవాళ్ళు 'వయసు మీదపడింది' అనుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు. ఇంటింటికీ వెళ్ళి చూస్తే తప్ప వాళ్ళు లెక్కలోకి రారని మా ప్రొఫెసరమ్మ చెప్పేది. మన దగ్గర ఆ ఇంటింటికీ వెళ్ళేదెవరు?

"రేపు నువ్వు చెప్పాలి ఆయనకి. నాకు ఆయన భాష రాదు" అన్నారు చెన్ గారు.

గరిడేపల్లి: మాడిన కూర

మూడోరోజు ఆదివారం. మిర్యాలగూడ వెళ్ళేముందు తన ఊరు గరిడేపల్లిలో భోంచేసి వెళ్దామని సైదులు ముందే మాట తీసుకున్నాడు. దారి పొడుగునా రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. ఎదురుగా లారీ వస్తే తప్పించబోయి యాకూబు రెండు చక్రాలు వడ్ల మీదికి ఎక్కించాడు. ఎక్కడ నుంచి వచ్చిందో ఒకావిడ పార పట్టుకుని కారుకు అడ్డం నిలబడింది.

"కండ్లు నెత్తికెక్కినయారా? తినే గింజల మీదికెల్లి తోల్తవా?"

సైదులు మెల్లగా దిగి, వంగి, చెదిరిన గింజలు చేత్తో దగ్గరికి తోశాడు. "తప్పయింది సెల్లె. పదమూడు తేమకొచ్చినయ్, ఇగ ఎత్తుకోవచ్చు" అన్నాడు. ఆవిడ కోపం అక్కడితో ఖతం. "ఇంకో ఎండ గావాల్నేమో అనుకున్నన్నా" అంటూ పార కింద పెట్టింది. ఆయన కారెక్కడానికి మాత్రం రెండు నిమిషాలు పట్టింది. అది కూడా ఆ రోజే చూశాను.

ఆయన భార్య మణెమ్మ మా కోసం నాటుకోడి వండింది, పచ్చిపులుసు చేసింది. మా వైపు చారు కాచకపోతే చారే కాదు. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కారం వేసి పచ్చిదే పోస్తారు. ఆ ఎండకి అమృతంలా ఉంది. వంటింటి గోడ ఒక పక్క నల్లగా మసిబారి ఉంటే ఏమైందని అడిగాను.

"ఏం జెప్పాలె బిడ్డా! పొయ్యి మీద కూర పెట్టి, జర చూడుమని చెప్పి నీళ్ళకు పోయిన. వచ్చేటాల్లకు కూర బొగ్గయింది, ఇల్లంత పొగ. ఈయన పక్క అర్రలనే కూసున్నడు. అలిగిండేమో, కావాల్నని చేసిండేమో అనుకున్న. మిల్లుల గా మాట పడ్డకాన్నుంచి మనిషి మనిషిల లేడు."

గా మాట ఏమిటో ఆవిడే చెప్పింది. సైదులు ముప్పై ఏళ్ళు చేసింది మిర్యాలగూడలో వెంకట్‌రెడ్డి అనే ఆయన మిల్లులో. రెండేళ్ళ కిందట వానలప్పుడు ఒక దళారి తెచ్చిన లారీ వడ్లు సైదులు బాగున్నాయన్నాడు. అవి లోపల ముక్కిపోయాయి. ఆ వడ్లతో ఆడించిన బియ్యమంతా కంపుకొట్టి వెనక్కొచ్చింది. వెంకట్‌రెడ్డి అందరి ముందూ, "దళారి దగ్గర ఎంత తిన్నవ్ సైదులూ?" అన్నాడు. ఆయన బదులు చెప్పలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

నేను చెన్ గారికి ఈ మాటలు చెప్పాను. ఆయన అన్నం కలపడం ఆపేశారు.

భోజనాలయ్యాక సైదులు పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు అడిగేశాను.

"చిన్నాయినా, ముక్కు ఎప్పుడు పోయింది?"

ఆయన ఒకసారి వంటింటి వైపు చూశాడు. లోపల మణెమ్మ గిన్నెలు కడుగుతోంది.

"ఆరేండ్లయితది" అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్కపాలి పోలే. మెల్లమెల్లగ పోయింది. ముందు కొత్తిమీర పోయింది. తర్వాత వడ్లు."

"ఎవరికీ చెప్పలేదా?"

"కంటితోని, పంటితోని నెట్టుకొచ్చిన. గా ఒక్క లారీ కాడ దొరికిపోయిన. పై బస్తాలు మంచిగనే ఉండె. ముక్కున్నోడైతే లారీ పక్కకెల్లి పోంగనే పట్టేస్తడు." నా వైపు తిరిగాడు. "నువ్వు ఎవలికి చెప్పకు బిడ్డా. ఒట్టు."

ఒట్టేశాను. ఆ తర్వాత ముక్కుకూ, చేతి వణుకుకూ, నడక మందగించడానికీ ఒకటే కారణం అయ్యుండొచ్చని, నేను డాక్టర్ని కానని, చూడాల్సినవాళ్ళు చూడాలని చెప్పాను. ఆయన నమ్మలేదు. "ముక్కుకు, చేతికి ఏం సంబంధం?" అన్నాడు.

చెన్ గారు ఫోను తీసి వాళ్ళ నాన్నకు వీడియో కలిపారు. అక్కడ సాయంత్రమైంది. తెరమీద ఒక బక్కపలచటి ముసలాయన, కుర్చీలో, ఒళ్ళో పిల్లి. ఆయన చెయ్యి ఎత్తి చూపించాడు. అదే వణుకు. అదే వేళ్ళు. సైదులు తన చెయ్యి చూపించాడు. ఇద్దరూ ఒకళ్ళ చేతులొకళ్ళు చూసుకుంటూ ఉండిపోయారు. నేను మధ్యలో కలగజేసుకుని, ఆయన్ని ఏమైనా అడగాలా అని సైదులును అడిగాను.

అక్కడి నుంచే ముందు ప్రశ్న వచ్చింది. చెన్ గారి ముఖం ఎర్రబడింది. నేను తర్జుమా చేశాను: "విరేచనం సాఫీగా అవుతుందా అని అడుగుతున్నారు."

సైదులు నిటారుగా కూర్చున్నాడు. "ఆయనకు గూడ గంతేనా?" అన్నాడు.

ఆ తర్వాత పది నిమిషాలు ఆ ఇద్దరు పెద్దమనుషులూ మాట్లాడుకున్నదంతా మలబద్ధకం గురించే. చిలగడదుంప మంచిదని ఆయన, నానబెట్టిన ఎండుద్రాక్ష మంచిదని ఈయన. నేను పుట్టి బుద్ధెరిగాక అంత జాగ్రత్తగా ఏదీ తర్జుమా చెయ్యలేదు. ఫోను పెట్టేశాక సైదులు చెప్పులు తొడుక్కున్నాడు.

"డాక్టరు ఏడుంటడు?" అన్నాడు.

మిర్యాలగూడ, ఆదివారం సాయంత్రం

ఆదివారం ఆదివారం హైదరాబాదు నుంచి ఒక నరాల డాక్టరు మిర్యాలగూడ వచ్చి చూస్తాడని ఏజెంటు ఫోనులో చెప్పాడు. మా వంతు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. బెంచీ మీద కూర్చుని చుట్టూ చూశాను. ఎదురుగా ఉన్న పదిమందిలో ఇద్దరి చేతులు అలాగే ఆడుతున్నాయి. ఒకావిడ చెయ్యి కొంగులో చుట్టి పెట్టుకుంది.

డాక్టరు కుర్రవాడు, ఓపిక ఉన్నవాడు. వేళ్ళు టపటపా కొట్టించాడు, నడిపించాడు, మోచెయ్యి పట్టుకుని ఆడించి చూశాడు, పేరు పదిసార్లు రాయించాడు. 'సైదులు' అన్న పేరు మొదటి వరసలో శనగగింజంత ఉంది. చివరి వరసకి ఆవగింజంత అయింది.

"సచ్చే రోగమా సార్?" అన్నాడు సైదులు.

"చచ్చే రోగం కాదు. మందులేసుకుంటూ దాంతోనే బతికే రోగం. బిగుసుకుపోవడం తగ్గుతుంది, నడక మెరుగవుతుంది."

"ముక్కొస్తదా?"

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "మందులతో ముక్కు రాదు పెద్దాయనా" అన్నాడు.

మణెమ్మకు ఫోను చేసి చెప్పింది నేనే. ఆవిడ జబ్బు పేరు మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత, "అయితే ఆ కూర... కావాల్నని కాదా?" అంది. ఇది రాస్తున్న వేళకి ఆయన మందు మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడని ఆవిడే చెప్పింది.

సోమవారం: రెండు పిడికిళ్ళు

మిర్యాలగూడలో మిల్లులు లెక్కపెట్టలేం. ఊరి చుట్టూ పొగగొట్టాలు, గాలిలో ఉడికిన వడ్ల వాసన. నా జుట్టుకీ బట్టలకీ పట్టిన ఆ వాసన హైదరాబాదు వచ్చాక రెండు ఉతుకుల దాకా పోలేదు. ఆ వాసన మధ్యలో ఏమీ తెలియకుండా నాలుగేళ్ళు నిలబడిన మనిషి నా పక్కన కూర్చుని ఉన్నాడు.

మా చివరి యంత్రం వెంకట్‌రెడ్డి మిల్లులోనే. సైదులు ముందే చెప్పాడు, తాను లోపలికి రానని. కారు గేటు బయట, వేపచెట్టు నీడలో ఆపించుకుని కూర్చున్నాడు.

వెంకట్‌రెడ్డికి డెబ్భై దాకా ఉంటాయి. మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు, మజ్జిగ తెప్పించాడు. యంత్రం సరిచెయ్యడం అయ్యాక గేటు వైపు చూస్తూ, "కారుల ఉన్నది సైదులే గదా?" అన్నాడు. "మీ మిషిన్ల కాడ గూడ కమీషన్ తింటుండా ఏంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒట్టు మర్చిపోయాను. జబ్బు పేరు, ముక్కు సంగతి, నిన్న డాక్టరు చెప్పింది, అన్నీ గబగబా చెప్పేశాను.

ఆయన చివరిదాకా విన్నాడు. "ముక్కుకు రోగమా? మంచిగ నేర్పిండు నీకు" అన్నాడు. కానీ ఆ మాటలో బలం లేదు. లేచి లోపలికి వెళ్ళి రెండు చేతుల్లో రెండు పిడికిళ్ళ వడ్లు పట్టుకొచ్చాడు. ఒకటి కొత్త వడ్లు. రెండోది ఎక్కడో మూల తడిసి ముక్కిన వడ్లు. ఆ కంపు బల్లకు ఇవతలున్న నా దాకా కొట్టింది. "పిలువుండ్రి వాణ్ణి" అన్నాడు.

మాట తప్పింది నేనే కాబట్టి, జరిగింది చెప్పడానికి కారు దగ్గరికి నేనే వెళ్ళాను. చెప్పాను. సైదులు నన్ను తిట్టలేదు. కొంచెంసేపు గేటు వంక చూసి దిగాడు. రెండేళ్ళ తర్వాత ఆ గడప దాటాడు. బస్తాలు మోస్తున్న హమాలీలు పని ఆపి చుట్టూ చేరారు.

"సూసి చెప్పు" అన్నాడు వెంకట్‌రెడ్డి పిడికిళ్ళు చాపి.

"కండ్లతోని చూస్తే నాకు తెలుస్తది సేటు. చేతితోని ముడితే గూడ తెలుస్తది. అందుకే గన్ని దినాలు దొరకలే" అన్నాడు సైదులు. తువ్వాలు తీసి తనే కళ్ళకు కట్టుకున్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇగ పట్టు."

వెంకట్‌రెడ్డి ఒక చెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. తర్వాత రెండో చెయ్యి. సైదులు రెండుసార్లూ నిండుగా పీల్చాడు. పక్కనున్న హమాలీ ఒకడు కంపు భరించలేక ముఖం తిప్పుకున్నాడు.

"రెండు ఒక్కతీరుగనే ఉన్నయ్ సేటు" అన్నాడు సైదులు. "దేన్లనూ ఏ వాసన లేదు."

వెంకట్‌రెడ్డి చేతుల్లోంచి వడ్లు కింద పడ్డాయి. ఆయన పక్కనున్న బస్తా మీద కూర్చుండిపోయాడు.

"ఆనాడు నేను గంత మాటంటే, గీ సంగతి ఎందుకు చెప్పలేదు సైదులూ?"

సైదులు కళ్ళకు కట్టుకున్న తువ్వాలు విప్పుకున్నాడు.

"దొంగ అంటివి. దొంగ అంటే పదిమందిల ఒకడన్న నమ్మడు, నాకు పని దొరుకుతది. ముక్కులేదంటే పదిమంది నమ్ముతరు. వడ్లు చూసేటోనికి ముక్కు లేకుంటే ఇంకేముంటది సేటు?"

వెంకట్‌రెడ్డి లేచి హమాలీల వైపు తిరిగాడు. "ఇనుండ్రి. గా దినం సైదులును నేనన్న మాట తప్పు. నేను అడగాల్సింది అడగలే, అనరాని మాట అన్న" అన్నాడు గట్టిగా. తర్వాత సైదులు చెయ్యి, ఆ వణికే చెయ్యి, పట్టుకుని, "రేపటిసంది పనికి రా" అన్నాడు.

"రాను సేటు" అన్నాడు సైదులు. "చూడరాక చూస్త అంటే అది నిజంగ దొంగతనమే అయితది. నువ్వు అందరి ముంగట అన్నవు, గది చాలు."

నేను గేటు దగ్గర క్షమాపణ చెప్పుకోబోతే, "నువ్వు చెప్పకపోతే నేను చెప్పేటోన్ని కాదు బిడ్డా" అని ఊరుకున్నాడు.

బయట రోడ్డు మీద ఒక చాయ్ బండి ఉంది. సైదులు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి నాలుగు చాయ్‌లు చెప్పాడు. బండి అతను పాత పరిచయస్థుడు. "ఎన్నొద్దులాయె కాకా!" అంటూ గ్లాసు అందిస్తే, సగం చాయ్ చేతి మీద ఒలికింది.

"చెయ్యి వణుకుతుందేంది కాకా?"

"రోగం. దానికో పేరు గూడ ఉంది" అన్నాడు సైదులు, మామూలుగా.

అతను పాలగిన్నె కలుపుతూ ఆగిపోయాడు. "మా అత్తకు గూడ గిట్లనే చెయ్యి ఆడుతది. నడువుమంటే నిలబడ్డకాన్నే నిలబడుతది. ముసల్ది గదా అని మేమే పట్టించుకోలె" అన్నాడు.

సైదులు గ్లాసు బండి మీద పెట్టి, బెంచీ దగ్గరికి లాక్కుని, అతని ఎదురుగా కూర్చున్నాడు.

"ముందుగల్ల ఒకటి చెప్పు" అన్నాడు. "మీ అత్తకు వాసన తెలుస్తుందా?"